యుద్ధమొచ్చిందని డీజిల్ దాచుకోవాలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరండి. 9 ఎకరాల్లో ఆరు వనామీ రొయ్యల చెరువులు, 2 హెచ్‌పీ ఏరియేటర్లు (నీటికి ఆక్సిజన్ పట్టించే చక్రాలు) 20, వాటికి 62.5 కేవీఏ జనరేటర్ ఉన్నాయి. మా బావగారితో కలిసి రోజుకి 15 టన్నులు తీసే ఐస్ ఫ్యాక్టరీలో వాటా ఉంది. ఐస్ తోలడానికి రెండు పాత డీజిల్ వ్యాన్లు. గల్ఫ్ వైపు యుద్ధం అన్నప్పటి నుంచి ఊళ్లో తలో మాట చెబుతున్నారు. 3,000 లీటర్ల డీజిల్ డ్రమ్ముల్లో కొని పెట్టుకోమని ఒకరు, రేట్లు పెరిగేలోపు 125 కేవీఏ జనరేటర్ కొనమని డీలరు, వ్యాన్లు అమ్మేసి సీఎన్‌జీ బళ్లు తీసుకుందామని మా అబ్బాయి, అన్నిటికీ సోలారే మందని ఇంకొకరు. ఓడలు తిరగట్లేదని చెప్పి కంపెనీ ఏజెంటు కిలోకి 40 రూపాయలు కోస్తానంటున్నాడు. రొయ్య 60 కౌంటులో (కిలోకి 60) ఉంది. ఏది ముందు చెయ్యమంటారు?

జవాబు: ముందు గట్టు మీది కేబుళ్లు చూడండి. తర్వాత కొంత సరుకు పట్టించండి. డీజిల్ రెండు డ్రమ్ములు చాలు. కొత్త జనరేటర్ వద్దు. సోలార్ ఐస్ ఫ్యాక్టరీకి పనికొస్తుంది, చెరువులకి పనికిరాదు. వ్యాన్ల సంగతి తొందరేం లేదు. ఇలా ఎందుకు చెబుతున్నామో తెలియాలంటే ఒక్క లెక్క చూడాలి.

మీ 20 ఏరియేటర్లూ తిరిగితే ఒక్కోటి సుమారు 1.7 కిలోవాట్ల చొప్పున 34 కిలోవాట్లు లాగుతాయి. సరైన లోడు మీదున్న డీజిల్ సెట్ యూనిట్‌కి 0.3 లీటరు తాగుతుంది. అంటే గంటకి 10 లీటర్లు. లీటరు 98 రూపాయలనుకుంటే గంటకి వెయ్యి రూపాయలు. రోజుకి 2 గంటలు కరెంటు పోతుందనుకుని 60 రోజులకి లెక్కేస్తే 1,200 లీటర్లు, దగ్గర దగ్గర 1,20,000 రూపాయలు. యుద్ధం వల్ల లీటరు మీద 10 రూపాయలు పెరిగిందే అనుకోండి, మీకు పడే అదనం 12,000. రేటు అలాగే ఉండి కోత 2 గంటల నుంచి 4 గంటలకి పెరిగితే అదనం 1,20,000. అందరూ బంకు దగ్గరి బోర్డు చూసి కంగారు పడుతున్నారు గానీ, మీరు చూసుకోవలసింది జనరేటర్ మీదున్న గంటల మీటరు.

ఎక్కడో యుద్ధమైతే ఇక్కడ కరెంటు ఎందుకు పోవాలి అంటారేమో. 2022 గుర్తు చేసుకోండి. ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్లింది. అసలే మండిపోతున్న విదేశీ బొగ్గు, గ్యాసు రేట్లు ఇంకా పైకి పోయాయి. దిగుమతి బొగ్గు మీద నడిచే ప్లాంట్లు వెనక్కి తగ్గాయి, దానికి మండు వేసవి తోడైంది. విద్యుత్ ఎక్స్ఛేంజీలో యూనిట్ 20 రూపాయలకి చేరితే నియంత్రణ సంస్థ 12 దగ్గర కట్టు వేసింది. ఆ రేటుకి కొనలేక ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో పరిశ్రమలకి పవర్ హాలిడే పెట్టారు. వారపు సెలవుకి తోడు ఇంకో రోజు మూత, నిరంతరం నడిచే వాటికి సగం లోడు. గోదావరి జిల్లాల్లో ఏప్రిల్, మే అంటే కాలవలు కట్టేసే రోజులు కూడా. చెరువులో నీళ్లు మార్చడానికి లేదు, నీరు చిక్కబడుతుంది, ఎండకి వేడెక్కుతుంది, ఏరియేటర్ అవసరం సంవత్సరంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండేది అప్పుడే. మూడూ ఒకేసారి వచ్చి పడతాయి. అంచేత మీ జాగ్రత్తంతా జనరేటర్ తిరిగే గంటలు తగ్గించడం, తిరిగినప్పుడు తక్కువ లోడు లాగేలా చూడటం మీద ఉండాలి.

ఇక డీజిల్ రేటు. మన దేశం ముడిచమురులో 85 శాతానికి పైగా బయట నుంచి తెస్తుంది. ప్రపంచం వాడే చమురులో దాదాపు అయిదో వంతు, రోజుకి సుమారు 2 కోట్ల పీపాలు, గల్ఫ్ నుంచి బయటికొచ్చే హోర్ముజ్ జలసంధి దాటి రావాలి. కాబట్టి భయం ఊరికే పుట్టింది కాదు. కానీ బంకు రేటు ముడిచమురు వెంటే పరిగెత్తదు. 2021 నవంబరు నుంచి 2022 మార్చి 22 దాకా, మధ్యలో బ్రెంట్ (ప్రపంచ మార్కెట్ ముడిచమురు రేటు) ఒక దశలో పీపా 139 డాలర్లు తాకినా, బంకుల్లో రేటు కదల్లేదు. తర్వాత రోజుకి 80 పైసల చొప్పున రెండు వారాల్లో 10 రూపాయలు పెంచి ఆపేశారు. మే నెలలో కేంద్రం పన్ను తగ్గించి డీజిల్ మీద 6 రూపాయలు వెనక్కిచ్చింది. ఆ ఏడాది చివరికి బ్రెంట్ 80 డాలర్ల దరిదాపుల్లోకి దిగింది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ 12 రోజులు కొట్టుకున్నప్పుడూ ఇంతే: 70 దగ్గర ఉన్నది 80 దాకా వెళ్లి, కాల్పులు ఆగగానే మొదటికొచ్చింది.

కాబట్టి దాచిపెట్టి లాభపడదామనుకుంటే ఆ ఆట మనది కాదు. అయితే ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. 2022 మార్చిలో పెద్ద కొనుగోలుదార్లకి అమ్మే డీజిల్ బంకు రేటు కంటే లీటరుకి 25 రూపాయల దాకా ఎక్కువ పలికింది. దాంతో ట్యాంకర్లలో తెప్పించుకునే ఫ్యాక్టరీలు, బస్సుల వాళ్లు బంకుల మీద పడ్డారు. నష్టానికి అమ్మలేక ప్రైవేటు బంకులు అమ్మకం తగ్గించాయి. రేటు మారలేదు, సరుకే అయిపోయింది. మీరు కాచుకోవలసింది ఈ రెండు మూడు రోజుల కొరత గురించే. రోజుకి 6 గంటలు జనరేటర్ తిరిగినా 60 లీటర్లు. అయిదు రోజులకి 300. రెండు 200 లీటర్ల డ్రమ్ములుంటే నిశ్చింత.

3,000 లీటర్లు అసలు కుదరదు కూడా. డీజిల్ పెట్రోలియం చట్టంలో బి తరగతి కిందికి వస్తుంది. ఒక చోట మొత్తం 2,500 లీటర్లు మించకుండా, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లు దాటకుండా ఉన్నంతవరకే లైసెన్సు అక్కర్లేదు. పెట్రోలుకి ఆ వెసులుబాటు 30 లీటర్లే, రెండూ ఒకటనుకోకండి. చట్టం సంగతి పక్కన పెట్టినా మన గాలిలో తేమకి డీజిల్ నిలవ ఉండదు. సగం ఖాళీగా ఉన్న డ్రమ్ములో రాత్రి చల్లబడ్డప్పుడు లోపలి గోడకి చెమట పట్టి నీరు అడుక్కి దిగుతుంది. ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య పాచి పెరుగుతుంది. ఆ జిగురు ఫిల్టర్‌లో చేరి, సరిగ్గా అర్ధరాత్రి లోడు పడ్డప్పుడు ఇంజను ఊపిరాడక ఆగుతుంది. అందుకని డ్రమ్ము నింపే పెట్టాలి, కానీ మూతిదాకా కాదు: ఎండకి 20 డిగ్రీలు వేడెక్కితే 200 లీటర్లు మూడు లీటర్లకి పైగా ఉబ్బుతుంది, అయిదు లీటర్ల జాగా వదలండి. డ్రమ్ముని పడుకోబెట్టి, రెండు మూతలూ అడ్డంగా ఒకే ఎత్తులో, డీజిల్ మట్టం కింద ఉండేలా పెడితే గాలి, వాననీరు లోపలికి పోవు. జస్తా పూత ఉన్న రేకు పాత్రలు వద్దు. తోడేటప్పుడు గొట్టం అడుగు నుంచి నాలుగు వేళ్ల పైన ఆపండి. మూడు నెలలకోసారి పాతది వాడేసి కొత్తది పోయండి.

125 కేవీఏ ఎందుకు వద్దంటున్నామంటే, మీ 34 కిలోవాట్ల లోడు ఇప్పుడున్న సెట్‌కి మూడింట రెండు వంతులు. ఇంజను ఇష్టపడే లోడు అదే. రెట్టింపు సెట్ మీద ఇదే లోడు పెడితే గంటకి లీటరు, లీటరున్నర ఎక్కువ తాగుతుంది. అంతకంటే చెడ్డది పగటి పూట. ఆరేడు ఏరియేటర్లే తిరిగినప్పుడు పెద్ద సెట్ మీద లోడు 12 శాతం. 30 శాతం కంటే తక్కువలో గంటల తరబడి తిరిగిన ఇంజను వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు, సైలెన్సర్ దగ్గర నల్లటి జిడ్డు కారుతుంది, రింగులు అంటుకుపోతాయి. మీకు నిజంగా రెండో సెట్ కావాలనిపిస్తే 25 లేదా 30 కేవీఏది చిన్నది తీసుకోండి. పగలు అది, రాత్రి పెద్దది. ఒకటి మొరాయిస్తే రెండోది కనీసం సగం చక్రాలు తిప్పుతుంది.

కొత్త జనరేటర్‌కి పెట్టే డబ్బులో పదో వంతు పెట్టి ఉన్న సెట్‌కి విడిభాగాలు కొనండి. రెండు డీజిల్ ఫిల్టర్లు, ఒక ఆయిల్ ఫిల్టర్, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ గొట్టం, ఏవీఆర్ (వోల్టేజి నిలకడగా ఉంచే) కార్డు ఒకటి. ఏవీఆర్ విదేశీ విడిభాగాలతో వచ్చేది, ఓడలు ఆలస్యమైతే ముందు కొరత పడేది ఇలాంటివే. ఇంకా చెప్పాలంటే జనరేటర్ స్టార్ట్ కాకపోవడానికి ఇంజను కంటే బ్యాటరీయే ఎక్కువసార్లు కారణం. వారానికోసారి అరగంట లోడు మీద నడపండి. ఖాళీగా అయిదు నిమిషాలు తిప్పి ఆపేస్తే బ్యాటరీ ఖర్చే గానీ పరీక్ష కాదు.

ఇప్పుడు కేబుళ్లు. ఎక్కువ రైతులు ఇక్కడే చేజేతులా డీజిల్ పారబోస్తున్నారు. గట్టు పొడుగునా 150 మీటర్లు 10 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్ లాగి దాని మీద పది ఏరియేటర్లు పెట్టారనుకోండి. 34 ఆంపియర్లు పారుతుంది, కేబుల్ కాలిపోదు కాబట్టి బాగానే ఉందనుకుంటాం. కానీ చివరికి వెళ్లేసరికి 22 వోల్టులు పడిపోతాయి. సాయంత్రం పూట ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే 380 ఉంటే గట్టు చివరి మోటారుకి అందేది 358. వోల్టేజి తగ్గిన కొద్దీ మోటారు ఆంపియర్లు ఎక్కువ లాగుతుంది, వేడి ఆంపియర్ల వర్గంతో పెరుగుతుంది, వైండింగ్ పోతుంది. మోటారు కంపెనీని తిట్టుకుని మళ్లీ చుట్టిస్తాం. ఆ దూరానికి 25 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేస్తే నష్టం 8, 9 వోల్టులే. అంతేకాదు, సన్న కేబుల్ ఒక్కటే 1.6 కిలోవాట్లు వేడి కింద తగలేస్తుంటే లావుది 0.6తో సరిపెడుతుంది. ఒక యూనిట్ గంటగంటకీ మిగిలినట్టే, రెండు గట్లుంటే రెండు.

అతుకుల దగ్గర అల్యూమినియం మీద రాగి తీగ మెలేసి టేపు చుట్టడం మన ఉప్పు గాలికి నెలల్లో తెల్లగా పొడిలా పూస్తుంది, వేడెక్కుతుంది. రెండు లోహాల లగ్గులు వాడి, పెట్టెలో బిగించండి. ఒక్కో మోటారుకి ఓవర్‌లోడ్ రిలే 3.4 ఆంపియర్ల దగ్గర పెట్టండి. పడిపోతోందని పైకి తిప్పడం మానండి, ఎందుకు పడుతోందో చూడండి. సాధారణంగా ఏరియేటర్ తేలే తెప్పకి నాచు, నత్త పట్టి కిందికి కుంగితే రెక్కలు ఎక్కువ లోతు మునుగుతాయి. రెక్క చివర నీటిలో పది సెంటీమీటర్ల లోతు దాటకూడదు. అది దాటితే ఆక్సిజన్ ఏమంత పెరగదు, ఆంపియర్లు మాత్రం పెరుగుతాయి.

కరెంటు పోయి జనరేటర్ ఎక్కినప్పుడు 20 మోటార్లూ ఒకేసారి అందుకుంటే మొదటి క్షణంలో 400 ఆంపియర్లు అడుగుతాయి. మీ సెట్ ఇవ్వగలిగింది 87. అది ట్రిప్పవుతుంది, కాపలా మనిషి కంగారులో మళ్లీ మళ్లీ స్టార్ట్ చేసి బ్యాటరీ దింపేస్తాడు. స్టార్టర్లకి టైమర్లు పెట్టి నాలుగేసి మోటార్లు, పదేసి సెకన్ల తేడాతో ఎక్కించండి. జనరేటర్‌కీ లైనుకీ మధ్య నాలుగు పోళ్ల చేంజోవర్ స్విచ్ లేకపోతే ఈరోజే పెట్టించండి. మీ కరెంటు వెనక్కి లైనులోకి పోయిందంటే స్తంభం మీదున్న లైన్‌మ్యాన్ ప్రాణం పోతుంది. ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) కూడా అంతే, నీళ్లలో దిగే మనుషులున్న చోట అది లేకుండా మోటారు తిప్పకూడదు.

ఇంత చేశాక కూడా రాత్రంతా 20 చక్రాలూ తిప్పాలా అంటే, అక్కర్లేదు. డీవో మీటరు (నీటిలో కరిగిన ఆక్సిజన్‌ని లీటరుకి మిల్లీగ్రాముల్లో చూపేది) మీ దగ్గర ఉండే ఉంటుంది. సాయంత్రం 7 గంటలకి, మళ్లీ రాత్రి 10కి కొలవండి. ఏడింటికి 8, పదింటికి 6.5 ఉందంటే గంటకి అర పాయింటు దిగుతోంది. అదే గీత పొడిగిస్తే తెల్లవారుజాము 5కి 3 దగ్గరికొస్తుంది. ఆ చెరువుకి అర్ధరాత్రి నుంచి పూర్తి చక్రాలు కావాలి. పక్క చెరువులో లెక్క 4.5 దగ్గర తేలితే సగం చాలు. మీటరుని పైన వేలాడదీసి చూడకండి, చక్రాలు ఆగాక ముందు చచ్చేది అడుగు, రొయ్య ఉండేదీ అక్కడే. 3 కంటే దిగితే మేత తినదు, 2 కంటే దిగితే తేలుతుంది. పంట చివర్లో, తెల్లవారుజామున కరెంటు పోతే మీకు చేతిలో ఉండేది పది పదిహేను నిమిషాలని అనుకుని ఏర్పాటు చేసుకోండి. కోత ఉంటుందని ముందే తెలిసిన రోజు సాయంత్రం మేత ఆపేయండి. తిన్న మేతే ఆక్సిజన్ తినేది.

గంటలు తగ్గించే అసలు మార్గం చెరువులో బరువు తగ్గించడం. రొయ్య 60 కౌంటులో ఉందంటున్నారు కాబట్టి ఒక్కోటి 16, 17 గ్రాములు. మొత్తం లాగేయకుండా పావు వంతు పట్టించండి. ఒక హెచ్‌పీ సుమారు 400 నుంచి 500 కిలోల రొయ్యకి సరిపోతుందన్నది అందరూ వాడే లెక్క. మీ 40 హెచ్‌పీకి 16 నుంచి 20 టన్నులు. ఇప్పుడు చెరువుల్లో అంతకంటే ఎక్కువ ఉంటే మీరు ఇప్పటికే అప్పు మీద నడుస్తున్నట్టు. మిగిలినవి రెండు వారాల్లో 50 కౌంటుకి వస్తాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర పట్టకండి, గుల్ల విడిచి మెత్తబడిన సరుకని రేటు కోస్తారు. ఈడ్పు వల అడుగు బురద లేపుతుంది, విసురు వలతో పట్టించండి, ఆ పూట చక్రాలన్నీ తిరగాలి. వచ్చే పంటకి చదరపు మీటరుకి 60 సీడు (రొయ్య పిల్లలు) వేసేవారు 35, 40తో ఆపితే దిగుబడి తగ్గినా, ఒక్క కరెంటు కోతకి పంటంతా పోయే భయం తగ్గుతుంది.

ఏజెంటు 40 రూపాయల మాట చూద్దాం. ఇందులో కొంత నిజముంది. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో యెమెన్ హౌతీ తిరుగుబాటుదార్ల దాడులు మొదలయ్యాక యూరప్‌కీ, అమెరికా తూర్పు తీరానికీ వెళ్లే ఓడలు చాలావరకు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోయాయి. 10 నుంచి 14 రోజులు అదనం, ఫ్రీజర్ కంటైనర్లు సముద్రంలోనే ఎక్కువ రోజులు ఉండిపోవడంతో కిరాయి పెరిగింది. అయితే ఎంత? 40 అడుగుల కంటైనర్‌లో సుమారు 18 టన్నుల ప్యాకింగ్ సరుకు పడుతుంది. కిరాయి ఏకంగా 3,000 డాలర్లు పెరిగిందనుకుందాం. డాలరు 85 రూపాయలనుకుంటే 2,55,000, కిలోకి 14 రూపాయలు. అది తల తీసిన సరుకు మీద. తలతో మీ చెరువు దగ్గర తూచే కిలోలో అందుకు దిగేది 65 శాతం కాబట్టి మీ కిలో మీద పడేది 9 రూపాయలు. రెండు వారాల వడ్డీ, యుద్ధ బీమా కలిపినా 15 లోపే. మిగతా 25 బేరం. ఇంకో మాట అడగండి: ఈ లోడు ఏ దేశానికి? విశాఖ నుంచి చైనాకో, జపాన్‌కో పోయే ఓడ తూర్పుకి పోతుంది, ఎర్ర సముద్రమూ తగలదు, హోర్ముజూ తగలదు. కనీసం ముగ్గురు ఏజెంట్ల దగ్గర ఒకే రోజు, ఒకే కౌంటుకి రేటు తీసుకోండి. యుద్ధం అందరికీ ఒకటే కాబట్టి నిజమైన కోత అందరి రేట్లలోనూ దగ్గర దగ్గరగా కనబడుతుంది.

సోలార్ విషయంలో ఒకే వస్తువుకి మీ దగ్గరే రెండు జవాబులున్నాయి. మన తీరంలో ఒక కిలోవాట్ ప్యానెళ్లు ఏడాదికి 1,450 యూనిట్ల దాకా ఇస్తాయి, ఖర్చు 50 వేలకి కాస్త అటూ ఇటూ. చెరువులకి ఆక్వా జోన్ రాయితీలో యూనిట్ 1.50కే వస్తోందంటే ఏడాదికి మిగిలేది 2,200 లోపు. పెట్టుబడి తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. పైగా మీకు చక్రాలు కావలసింది రాత్రి. కరెంటు పోతే మామూలు సోలార్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది, లైను మీద పనిచేసే మనిషి కోసం అలా చేశారు. జనరేటర్‌తో కలిపి నడపాలంటే వేరే కంట్రోలర్ ఉండాలి. అది లేకుండా కలిపితే ఎండ ఎక్కువైనప్పుడు జనరేటర్ మీద లోడే ఉండదు. రాయితీ లేని సర్వీసు ఉన్నవాళ్లు వేరే లెక్క వేసుకోవాలి.

ఐస్ ఫ్యాక్టరీ అలా కాదు. పరిశ్రమ రేటు యూనిట్ 7 రూపాయలు దాటుతుంది, టన్ను ఐసుకి సుమారు 65 యూనిట్లు, రోజుకి వెయ్యి. 50 కిలోవాట్లు వేస్తే ఏడాదికి 70 వేల యూనిట్లు, 5 లక్షలు. అయిదేళ్లలో డబ్బు తిరిగొస్తుంది, యుద్ధం ఆగిపోయినా వస్తుంది. మనం పెట్టే ఏ పెట్టుబడికైనా పరీక్ష అదే, శాంతి కాలపు రేటు మీద గిట్టాలి. పగలు గడ్డకట్టించిన ఐసు రాత్రికి ఉంటుంది కాబట్టి బ్యాటరీ ఖర్చూ లేదు. 540 వాట్ల ప్యానెళ్లు 93, కప్పు మీద 300 చదరపు మీటర్ల జాగా కావాలి. ఆస్‌బెస్టాస్ రేకుల మీద బిగించనివ్వకండి. కోస్తాకి లెక్కగట్టే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, స్ట్రక్చర్ దానికి లెక్క వేసినట్టు కాగితం తీసుకోండి. ఇనుముకి వేడి జస్తా పూత, నట్లు బోల్టులు స్టెయిన్‌లెస్. ఉప్పు గాలి పరీక్ష పాసైన ప్యానెళ్లు అడగండి.

కానీ సోలార్ కంటే ముందు కండెన్సర్ (అమ్మోనియాని చల్లబరిచే గొట్టాలు) కడగండి. మన బోరు నీళ్లకి గొట్టాల మీద సున్నపు పొర పట్టి కండెన్సర్ అయిదు డిగ్రీలు ఎక్కువ వేడి మీద నడుస్తుంటుంది. డిగ్రీకి 2, 3 శాతం కరెంటు. అంటే రోజుకి 100 యూనిట్లకి పైగా ఊరికే పోతోంది. కండెన్సర్ దిగువన గొట్టం 40 డిగ్రీలు ఉంటే అమ్మోనియా ప్రెషరు 210 పీఎస్‌ఐ దగ్గర ఉండాలి. 235 చూపిస్తోందంటే లోపల గాలి చేరింది. తెలిసిన మెకానిక్‌తో నీళ్ల బకెట్‌లోకి వదిలించండి, కుర్రాళ్లతో చేయించకండి. ఉప్పునీటి ట్యాంకు మైనస్ 8, 9 దగ్గర చాలు. ఇంకా చల్లగా ఉంటే మంచిదని మైనస్ 13కి తోస్తే కంప్రెసర్ అనవసరంగా కష్టపడుతుంది, దిమ్మ పగులుతుంది.

వ్యాన్ల గురించి మీ అబ్బాయి మాట తప్పని కాదు, ఇప్పుడు కాదంతే. రెండు బళ్లూ రోజుకి 80 కిలోమీటర్ల చొప్పున తిరిగి లీటరుకి 9 ఇస్తే 18 లీటర్లు. లీటరు మీద 10 పెరిగినా రోజుకి 180 రూపాయలు. అదే బండి గోడలు పాతబడి, తలుపు రబ్బరు పోయి పది శాతం ఐసు దారిలో కరిగిందంటే టన్నుకి ఆరున్నర యూనిట్లు, దాంతోపాటు అమ్మాల్సిన సరుకూ పోయాయి. ముందు నాలుగంగుళాల పఫ్ (వేడిని ఆపే నురగ) గోడ, కొత్త రబ్బరు వేయించండి.

గోదావరి జిల్లాల్లో కాళ్ల కిందే గ్యాసు ఉంటే సీఎన్‌జీకి యుద్ధంతో ఏం పని అని చాలామంది అడుగుతారు. కేజీ బేసిన్ మనదే, రేటు మాత్రం మనది కాదు. 2023 ఏప్రిల్ నుంచి పాత క్షేత్రాల గ్యాసు ధర మన దేశం కొనే ముడిచమురు ధరలో 10 శాతం అని కట్టారు, కింద 4 డాలర్లు, పైన 6.50 హద్దు పెట్టి, ఆ పై హద్దు రెండేళ్లు అలాగే ఉండి తర్వాత ఏడాదికి పావు డాలరు పెరిగేలా. ఆ హద్దు ఉన్నంతవరకు సీఎన్‌జీ రేటు డీజిల్ అంత ఎగరదు. అయితే 2024 చివర్లో నగర గ్యాసు కంపెనీలకి ఈ చౌక గ్యాసు వాటా తగ్గించారు. లోటుని ఖరీదైన గ్యాసుతో, కొంత ఖతార్ లాంటి చోట్ల నుంచి ఓడలో వచ్చే ఎల్‌ఎన్‌జీతో (చల్లబరిచి ద్రవంగా మార్చిన గ్యాసు) నింపుకోవాలి. అదీ హోర్ముజ్ దాటేదే. గుజరాత్‌లో మోర్బీ టైల్స్ వాళ్లు 2022లో గ్యాసు మండిపోతోందని ప్రొపేన్‌కి మారారు. అదీ ఎక్కువగా గల్ఫ్ సరుకే. మన వేమగిరి, జేగురుపాడు వైపు గ్యాసు ప్లాంట్లు కేజీ బేసిన్‌లోని డీ6 క్షేత్రంలో ఉత్పత్తి పడిపోయాక ఏళ్లకేళ్లు ఎలా మూతబడి ఉన్నాయో మీకు తెలియనిది కాదు. దగ్గర్లో ఉన్న ఇంధనం వేరు, మనకి దక్కే ఇంధనం వేరు.

ఆ వ్యాన్ల వయసు అయిపోయి ఎలాగూ మార్చే రోజు వస్తే అప్పుడు చూడండి. పాత డీజిల్ బండికి కిట్ వేయించకండి, కంపెనీ నుంచి సీఎన్‌జీగా వచ్చిందే కొనండి. ఇనప సిలిండర్లు లీటరు జాగాకి దాదాపు కిలో బరువు, అంత ఐసు తగ్గినట్టే. బంకు మీ దారిలోనే ఉండాలి, క్యూలో గంట నిలబడితే ఐసు ఆగదు. సిలిండర్లకి మూడేళ్లకోసారి హైడ్రో పరీక్ష తప్పనిసరి, సర్టిఫికెట్ గడువు దాటితే బంకులో నింపరు. ఫ్యాక్టరీ నుంచి పది పదిహేను కిలోమీటర్ల లోపు చెరువులకి అర టన్ను చొప్పున తోలే పనైతే కరెంటు మూడు చక్రాల బండే నయం: 10 యూనిట్ల బ్యాటరీతో నిండు లోడు మీద 80 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకి రూపాయి పడుతుంది, మీ వ్యాన్‌కి 11. కొనేటప్పుడు బ్యాటరీ పెట్టె ఎక్కడుందో వంగి చూడండి. ఐసు నుంచి కారే నీరు దాని మీద పడేలా ఉంటే ఆ బండి వద్దు, లేదా బాడీ అడుగున తొట్టి వేయించి గొట్టంతో వెనక్కి వదిలించండి.